పేగుల పరీక్షా, నడుముకి టేపా? షుగరుని ముందే పసిగట్టడానికి ఏది ఎంచుకోవాలి

బాబాయికి 47 ఏళ్ళు. విజయవాడ వస్త్రలతలో బట్టల కొట్టు. పొద్దున్న పదింటికి గల్లాపెట్టె ముందు కూర్చుంటే మళ్ళీ లేచేది రాత్రి తొమ్మిదింటికే. మా నానమ్మకి షుగరు ఉండేది, చివర్లో కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. డ్రెస్సింగుకి ఆవిణ్ణి ఆటోలో తీసుకెళ్ళింది బాబాయే. ఆ భయం ఆయన్ని ఇంకా వదల్లేదు.

దసరాకి గుంటూరు మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. మలం నమూనా చిన్న డబ్బాలో పెట్టి పంపితే పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులన్నిటినీ చదువుతారట, మెషీన్ లెర్నింగుతో, అంటే పాత లెక్కలు చూపించి నేర్పిన కంప్యూటరు యంత్రంతో, లెక్కకట్టి షుగరు వచ్చే అవకాశం ఎంతో ముందే చెప్పేస్తారట. ఖరీదు వేలల్లో ఉంది. "కాలేజీలో నువ్వు చెప్పేది ఇదే కదరా, చేయించుకోమంటావా?" అని అడిగాడు.

నేను స్టాటిస్టిక్స్, మెషీన్ లెర్నింగ్ చెప్పేవాణ్ణే. పేగు సూక్ష్మజీవుల మీద జరుగుతున్న పరిశోధన అంటే నాకు నిజంగా ఇష్టం. అయినా బాబాయితో "ముందు టేపు తీసుకురా" అన్నాను. ఆ రోజు ఇంట్లో చెప్పిన మాటలనే, ఇంకొంచెం వివరంగా, ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ప్రకటనలు బాబాయి ఒక్కడికే రావడం లేదు.

అడుగుతున్నది ఏ ప్రశ్న?

బాబాయి అడిగింది ఒకే ప్రశ్నలా ఉంది కానీ అందులో మూడున్నాయి. నాకు ఇప్పటికే షుగరు ఉందా? లేకపోతే ముందు ముందు వస్తుందా? నేను తినేవాటిలో నా షుగర్ని ఎక్కువ పెంచుతున్నది ఏది? మూడింటికీ వేరు వేరు పరీక్షలున్నాయి. ఒకదానికి అక్కరకొచ్చేది ఇంకోదానికి రాదు.

మొదటి ప్రశ్నని దాటేసి రెండోదానికి వెళ్ళడం మన ఇళ్ళలో ప్రమాదం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ అనే షుగరు సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్‌లో ఉన్నారని తేల్చాయి. ప్రీడయాబెటిస్ అంటే గట్టు మీద నిలబడి ఉన్నట్టు. "నాకు వస్తుందా" అని అడిగేవాళ్ళలో చాలామంది ఇప్పటికే ఆ గట్టు మీదున్నారు, కొందరు దాటేశారు కూడా. ఇప్పుడు ఉందో లేదో చెప్పేది రక్తం మాత్రమే. ఏ మలం పరీక్షా ఆ పని చెయ్యదు.

రూపాయి ఖర్చు లేని టేపు

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఒక స్కోరు తయారుచేసింది. పేరు ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్. చెన్నై జనం మీద, అంటే మనలాగే అన్నం తిని, మనలాగే పొట్ట పెంచుకునే జనం మీద కట్టిన లెక్క అది. చూసేవి నాలుగే: వయసు, నడుము, ఒళ్ళు కదలడం, అమ్మానాన్నలకి షుగరు.

వయసు 35 లోపైతే 0, 35 నుంచి 49 దాకా 20, 50 దాటితే 30. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపైతే 0, 90 నుంచి 99 దాకా 10, 100 గానీ ఆపైన గానీ ఉంటే 20. ఆడవాళ్ళకి 80 లోపు 0, 80 నుంచి 89 దాకా 10, 90 నుంచి 20. వ్యాయామం లేక, పనీ కూర్చుని చేసేదైతే 30. రెండింట్లో ఏదో ఒకటే ఉంటే 20. వ్యాయామంతో పాటు ఒళ్ళొంచి చేసే పని కూడా ఉంటే 0. అమ్మానాన్నల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60కి చేరితే ముప్పు ఎక్కువ, 30 లోపైతే తక్కువ.

కొట్టునిండా బట్టలే కాబట్టి టేపు బాబాయి బ్యాగులోనే దొరికింది. "నా నడుము 34 అంగుళాలే, ప్యాంటు చూడు" అన్నాడు. మగవాళ్ళందరూ చేసే పొరపాటే ఇది. మనం ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటాం. కొలవాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలేశాక, పొట్ట లోపలికి లాగకుండా. అలా కొలిస్తే 96 సెంటీమీటర్లు వచ్చింది. అంటే దగ్గర దగ్గర 38 అంగుళాలు. పిన్ని టేపు మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. వయసుకి 20, నడుముకి 10, కదలని పనికి 30, నానమ్మకి 10. మొత్తం 70.

ఈ స్కోరుకీ లోపాలున్నాయి. తెలియకుండా షుగరున్న వంద మందిలో 72 మందిని పట్టుకుంటుంది, షుగరు లేని వందలో 40 మందిని అనవసరంగా కంగారు పెడుతుంది. అందుకే దీన్ని తీర్పులా చూడకూడదు, రక్తపరీక్షకి పంపే చీటీలా వాడుకోవాలి. ఆ పనికి ఇంత చవకైన సాధనం ఇంకోటి లేదు. ఇందులో రెండు అంకెలు మన చేతిలో ఉన్నాయి. నడుము 90 లోపుకి దించి, రోజూ నడిస్తే బాబాయి 70 కాస్తా 50 అవుతుంది.

రక్తపరీక్షల్లో ఏది?

ఇక్కడే జనం ఎక్కువ తికమక పడతారు. కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

పరగడుపున చేసే ఫాస్టింగ్ పరీక్ష అన్నిటికంటే చవక. 100 లోపైతే మామూలు, 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, 126 నుంచి షుగరు. తేలిగ్గా ఉంటుంది కాబట్టి అందరూ దీనితోనే సరిపెట్టుకుంటారు. ఒక్క విషయం మాత్రం గమనించండి. రక్తం తీసిన తర్వాత కూడా ట్యూబులో కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజుని తింటూనే ఉంటాయి. కణాల్ని వేరు చేయకుండా వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళిన కుర్రాడు ఇంకో పది ఇళ్ళు తిరిగి, విజయవాడ ఎండలో బెంజ్ సర్కిల్ దాటి ల్యాబుకి చేరేసరికి మీ 108 కాస్తా 98 అయి కూర్చోవచ్చు. బూడిదరంగు మూత ఉన్న ట్యూబులో తీశారా, ఎంతసేపట్లో ల్యాబుకి చేరుతుంది అని అడగండి. వీలైతే మీరే సూర్యారావుపేటకో, గుంటూరైతే కొత్తపేటకో వెళ్ళి ల్యాబులోనే ఇవ్వండి. క్యాంపుల్లో వేలు పొడిచి చూసే మీటర్లకి 15 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఆ అంకెని చూసి ఊరట చెందకూడదు, బెంబేలెత్తకూడదు.

రెండోది హెచ్‌బీఏ1సీ, మనవాళ్ళు మూడు నెలల షుగరు అంటారు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలమంతా హిమోగ్లోబిన్‌కి అంటుకున్న గ్లూకోజుని ఇది కొలుస్తుంది. 5.7 లోపు మామూలు, 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగరు. పరగడుపు అక్కర్లేదు, నిన్న తిన్న లడ్డూ ప్రభావమూ ఉండదు. కానీ రక్తహీనత ఉన్నవాళ్ళని ఇది దారి తప్పిస్తుంది.

మా అక్క సంగతి చెబుతాను. బ్రాడీపేటలో ఉంటుంది. రెండేళ్ళ కిందట నీరసంగా ఉందని ఒక ల్యాబులో ప్యాకేజీ చేయించుకుంది. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. పక్కన ఎర్రక్షరాల్లో ప్రీడయాబెటిస్ అని రాసి చేతికిచ్చారు. రెండు నెలలు అన్నం మానేసింది. పిల్లల పుట్టినరోజుకి కేకు ముక్క కూడా నోట పెట్టలేదు, ఊరికే ఏడ్చేది. అదే రిపోర్టు రెండో పేజీలో హిమోగ్లోబిన్ 8.6 అని ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. ఐరన్ తక్కువైనప్పుడు రక్తకణాలు ఎక్కువ కాలం తిరుగుతాయి, హెచ్‌బీఏ1సీ లేనిపోని ఎత్తు చూపిస్తుంది. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ చేయిస్తే 5.5. ఫాస్టింగ్ మొదటినుంచీ 92 దగ్గరే ఉంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే సగానికి పైగా ఆడవాళ్ళకి ఈ అంకెని హిమోగ్లోబిన్ పక్కన పెట్టి చదవకపోతే అన్యాయం చేసినట్టే. ఈమధ్య రక్తం బాగా పోయినవాళ్ళకీ, రక్తం ఎక్కించుకున్నవాళ్ళకీ తేడా రెండో వైపు ఉంటుంది. ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

మూడోది గ్లూకోజు తాగే పరీక్ష, ఓజీటీటీ. నేను దీని పక్షం. పరగడుపున ఒకసారి రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు అయిదు నిమిషాల్లో తాగి, సరిగ్గా రెండు గంటలకి మళ్ళీ రక్తం ఇవ్వాలి. 140 లోపు మామూలు, 140 నుంచి 199 దాకా ప్రీడయాబెటిస్, 200 నుంచి షుగరు. మనవాళ్ళలో ఫాస్టింగ్ చక్కగా ఉండి, తిన్న తర్వాత పెరిగిపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళు మిగతా రెండు పరీక్షల్నీ దాటుకుని వెళ్ళిపోతారు, ఇక్కడే దొరుకుతారు. పరీక్షకి ముందు మూడు రోజులు అన్నం, ఇడ్లీ మామూలుగానే తినాలి. భయంతో తిండి తగ్గించి వెళితే అంకె తప్పుగా రావొచ్చు. ఆ రెండు గంటలూ కుర్చీలో కూర్చోవాలి, బజారు పనులు పెట్టుకోకూడదు. తీపి వెగటు అనిపిస్తే కొంచెం నిమ్మరసం కలపమని ల్యాబు వాళ్ళని అడగొచ్చు.

"టిఫిన్ తిని రెండు గంటలకి రండి" అని చెప్పే పరీక్ష ఇదే అనుకోకండి. ఒకరు రెండు ఇడ్లీలు తింటారు, ఇంకొకరు ఉప్మా పెసరట్టు మీద పునుగులు లాగిస్తారు. ఆ ఇద్దరి అంకెల్నీ ఒకే కొలతతో ఎలా చూస్తాం? షుగరు ఉందని తెలిసినవాళ్ళు మందు పనిచేస్తోందో లేదో చూసుకోడానికి అది సరిపోతుంది. నిర్ధారణకి గ్లూకోజే తాగాలి.

ఏ పరీక్షలోనైనా షుగరు అని అంకె వచ్చి, లక్షణాలేవీ లేకపోతే, ఇంకోసారి చేయించి రెండూ కలిశాకే పేరు పెట్టాలి. ఒక్క కాగితం చూసి మందులు మొదలుపెట్టొద్దు.

పేగుల్లో ఏముంది, యంత్రం ఏం నేర్చుకుంది?

ఇప్పుడు బాబాయి చూపించిన ప్రకటనకి వద్దాం. ఇది బూటకపు శాస్త్రం కాదు. మనం అరిగించుకోలేని పీచుని పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెడతాయి, రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగినట్టే. అందులోంచి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం వస్తుంది. పెద్దపేగు లోపలి పొరకి అదే ముఖ్యమైన తిండి. అలాంటి ఆమ్లాలు జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలకి కూడా తోడ్పడతాయి, ఆ హార్మోను ఇన్సులిన్ సమయానికి వచ్చేలా చేస్తుంది. పొర బలహీనపడితే బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరి, సన్నని సెగలా మంట రగిలిస్తూ ఇన్సులిన్‌ని మొరాయింపజేస్తాయి.

2012లో చైనా శాస్త్రజ్ఞులు 345 మంది నమూనాల్ని చదివి, టైప్ 2 షుగరున్నవాళ్ళలో బ్యూటిరేట్ తయారుచేసే జాతులు తగ్గాయని చూపించారు. 2013లో స్వీడన్‌లో 70 ఏళ్ళ వయసున్న 145 మంది మహిళల మీద అలాంటి పనే జరిగింది. రెండు చోట్లా యంత్రానికి నేర్పించి ఎవరికి షుగరుందో చెప్పమన్నారు. దాని నైపుణ్యాన్ని ఒక అంకెతో కొలుస్తారు. షుగరున్న ఒకరినీ లేని ఒకరినీ తెచ్చి నిలబెడితే, ఎన్నిసార్లు ఉన్నవాడికే ఎక్కువ మార్కులు వేసింది అని. బొమ్మా బొరుసూ వేస్తే 0.5, ఎన్నడూ తప్పకపోతే 1. చైనా లెక్క 0.81, స్వీడన్ లెక్క 0.83. మన టేపు స్కోరుది 0.698.

ఇక్కడ ఆగిపోతే యంత్రమే గెలిచినట్టు. నేను నా విద్యార్థుల్ని ఇక్కడ ఆగనివ్వను.

మొదటి సంగతి, ఆ యంత్రం చూసినవాళ్ళలో షుగరున్నవాళ్ళు అప్పటికే రోగులు. చాలామంది షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్ర పేగుల్లోని జనాభానే మార్చేస్తుంది. 2015లో 784 నమూనాల మీద జరిగిన అధ్యయనం ఈ ముడి విప్పింది. షుగరు గుర్తులని అనుకున్నవాటిలో కొన్ని నిజానికి మాత్ర గుర్తులు. రోగి చేతిలో ఉన్న మందుల సంచి చూసి రోగమేమిటో చెప్పి, వైద్యం వచ్చనుకున్నట్టుంది ఇది. రాబోయే జబ్బుని చెప్పడం వేరే విద్య.

రెండోది బట్టీ. పిల్లల చదువుల ఊళ్ళో ఉన్నాం కాబట్టి ఇది అందరికీ తెలిసిన విషయమే. మనుషులు కొన్ని వందల మంది, ఒక్కొక్కరిలో కొలిచిన జాతులు వందలు, జన్యువులైతే లక్షలు. అన్ని గడులున్న పట్టికలో అంత తక్కువ మందిని చూపిస్తే యంత్రం సూత్రం నేర్చుకోదు, పాత ప్రశ్నపత్రాల్ని బట్టీ పడుతుంది. కాలేజీలో పెట్టే వారాంతపు పరీక్షలో ఫస్టు వస్తుంది. బయటి పేపరు ఇస్తే తెల్లమొహం వేస్తుంది. బయటి పేపరు అంటే ఇక్కడ వేరే ఊరు. స్వీడన్ వాళ్ళు గమనించిందీ అదే. వాళ్ళ దగ్గర షుగరుని పట్టిచ్చిన జాతులూ, చైనాలో పట్టిచ్చినవీ వేరు.

వేరే దేశం దాకా వెళ్ళక్కర్లేదు. 2018లో చైనాలో ఒకే రాష్ట్రం గ్వాంగ్‌డాంగ్‌లో, 14 జిల్లాల్లో 7,009 మందిని చూశారు. వయసు, జబ్బు, తిండి అన్నిటికంటే, మనిషి ఏ జిల్లాలో ఉంటాడన్నదే పేగుల్ని ఎక్కువగా శాసించింది. ఒక జిల్లాలో నేర్చుకున్న యంత్రం ఇంకో జిల్లాకి పోతే చతికిలపడింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే అనిపిస్తుంది. ఒకే రాష్ట్రంలోనే అలా ఉంటే, ఎక్కడో రొట్టె, మాంసం తినేవాళ్ళ పేగుల మీద చదువుకున్న యంత్రం, బీపీటీ బియ్యం అన్నంలో గోంగూర, పప్పు, ఆవకాయ, చివర పెరుగు కలుపుకుని తినే మన పొట్ట గురించి ఏం చెబుతుంది?

దీనికి దగ్గరి ఉదాహరణ ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియా. శాకాహారం, పీచు ఎక్కువగా తినేవాళ్ళలో ఇది దండిగా ఉంటుంది. భారతీయుల పేగుల్ని చదివిన అధ్యయనాల్లో తరచూ ఇదే పైచేయి. భోపాల్, కేరళ ప్రాంతాల 110 మందిని చూసినప్పుడు భోపాల్ వాళ్ళలో ఇదే కనిపించింది. డెన్మార్క్‌లో 2016లో షుగరు లేని 277 మందిని చూస్తే, ఇందులో ఒక జాతి ఇన్సులిన్ మొరాయించడానికి తోడ్పడుతోందని తేలింది. దానికి ఏడాది ముందే స్వీడన్‌లో బార్లీ రొట్టె తిన్నవాళ్ళలో ఇదే ప్రివోటెల్లా పెరిగినకొద్దీ షుగరు బాగా అదుపులో ఉందని తేలింది. ఒకే పేరు, ఒక చోట దోషి, ఇంకో చోట స్నేహితుడు. డెన్మార్క్ లెక్క నేర్చుకున్న యంత్రానికి మన నమూనా పంపితే, మనలో చాలామందిని ఊరికే ఎర్రగీత కింద పడేస్తుంది.

మూడోది, నిజంగా ముందుచూపు ఉన్న అధ్యయనం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లో 2002లో నమూనాలు తీసి భద్రపరిచారు. 5,572 మందిని దాదాపు 16 ఏళ్ళు గమనించారు. వాళ్ళలో 432 మందికి తర్వాత షుగరు వచ్చింది. వాళ్ళ పాత నమూనాల్లో కొన్ని జాతులు ముందునుంచే ఎక్కువగా ఉన్నాయి. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. రాబోయేదాన్ని చెప్పడం అంటే ఇదీ, ఓపిగ్గా కాచుకుని చూడటం. నాకు దీని మీద గౌరవం ఉంది. ఇలాంటిది మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరైనా మొదలుపెడితే మొదటి డబ్బా నాదే. ఫిన్లాండ్ అంకెల్ని తెచ్చి బాబాయికి అతికించడానికి మాత్రం ఒప్పుకోను.

ఇక మూడో ప్రశ్న, ఏది తింటే నాకు పెరుగుతుంది అన్నది. యంత్రం బాగా రాణించింది అక్కడే. ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ సంస్థ వాళ్ళు 2015లో 800 మందికి వారం రోజులు సెన్సర్లు పెట్టి, 46,898 భోజనాల తర్వాత షుగరు ఎలా పెరిగిందో నమోదు చేశారు. ఒకే తిండికి ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా స్పందించింది. రక్తపరీక్షలు, శరీర కొలతలు, అలవాట్లు, పేగు సూక్ష్మజీవులు అన్నీ కలిపి యంత్రానికిస్తే, పిండి పదార్థాల లెక్క ఒక్కదానితో చెప్పేదానికంటే చాలా మెరుగ్గా చెప్పింది. గమనించండి, అక్కడా పేగులు ఒక్కటే జవాబివ్వలేదు.

చేతికి అంటించుకునే సెన్సరు

మూడో ప్రశ్నకి మనకి అందుబాటులో ఉన్నది సీజీఎమ్. జబ్బ వెనక బిళ్ళలా అంటించుకుంటే దాదాపు రెండు వారాలు చర్మం కింది ద్రవంలో గ్లూకోజుని కొలుస్తూ ఫోనుకి పంపుతుంది. మీ ఒంట్లో మీ ఇంటి అన్నానికి ఏం జరుగుతోందో ఏ యంత్రమూ ఊహించక్కర్లేకుండా కళ్ళకి కడుతుంది. అన్నం ముందా, కూర ముందా, తిన్నాక పది నిమిషాలు నడిస్తే ఎంత తేడా అన్నవి తెలుసుకోవచ్చు. జబ్బు నిర్ధారణకి వాడకూడదు. ఆరోగ్యవంతులకి కూడా తిన్న తర్వాత కాసేపు 140 దాటుతుంది, దానికి టెన్షన్ పడేవాళ్ళని చూశాను. ప్రీడయాబెటిస్ తేలాక, డాక్టరు సలహాతో ఒక్క బిళ్ళ వాడితే చాలు.

మరి ఎవరికి ఏది?

30 దాటి, ఇంట్లో ఎవరికైనా షుగరుంటే, ముందు టేపు. స్కోరు 60కి చేరితే ఫాస్టింగ్, హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ మూడూ కలిపి చేయించండి. అవి గీత దగ్గర ఊగిసలాడినా, మామూలుగా వచ్చి స్కోరు మాత్రం ఎక్కువగా ఉన్నా, గ్లూకోజు తాగండి. డబ్బుకి ఇబ్బందైతే ఆగిపోవద్దు. 30 దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు.

రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్మకూడదు. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్న అమ్మాయిలు వయసు చిన్నదని ఊరుకోకుండా గ్లూకోజు పరీక్ష గురించి డాక్టరుని అడగాలి. గర్భిణులది వేరే దారి. మన దేశంలో పరగడుపుతో పని లేకుండా 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి రెండు గంటలకి చూస్తారు, 140 చేరితే జాగ్రత్త మొదలవుతుంది.

ఇప్పటికే మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకి పేగుల పరీక్షతో ఈ విషయంలో ఉపయోగం లేదు. పోయిన రెండు మూడు నెలల్లో యాంటీబయాటిక్ కోర్సు వాడినవాళ్ళకీ అంతే, పొలం దున్నేశాక పంట కొలిచినట్టుంటుంది.

అయినా చేయించుకోవాలని మనసు లాగుతుంటే, అమ్మేవాళ్ళని నాలుగు మాటలు అడగండి. మీ యంత్రం ఎవరిని చూసి నేర్చుకుంది, అందులో తెలుగువాళ్ళు, కనీసం దక్షిణాది వాళ్ళు ఎంతమంది? నేర్చుకున్న ఊళ్ళో కాకుండా వేరే ఊళ్ళో పరీక్షించారా? నమూనా ఇచ్చినప్పుడు షుగరు లేనివాళ్ళని ఏళ్ళ తరబడి చూశారా, లేక అప్పటికే ఉన్నవాళ్ళని గుర్తుపట్టారా? వయసు, నడుము ఇస్తే వచ్చే జవాబుకంటే మీ డబ్బా ఎంత ఎక్కువ చెబుతుంది? నాలుగోదానికి సూటిగా జవాబు చెప్పగలిగితే నేనూ ఆలోచిస్తాను. ఇంకోటి, మలంలో మన డీఎన్ఏ కూడా ఉంటుంది. ఆ డేటాని ఏం చేస్తారో కాగితం మీద రాసివ్వమనండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన సమ్మతి లేకుండా వాడుకోకూడదనే చెబుతోంది.

బాబాయికి నేను చివరగా చెప్పింది ఇది. పేగుల పరీక్ష "ముప్పు ఎక్కువ" అంటే ఏం చేస్తావు? నడుస్తావు, పొట్ట తగ్గిస్తావు, పప్పు, ఆకుకూర పెంచుతావు. "ముప్పు తక్కువ" అంటే? స్కోరు 70 ఉన్నవాడివి, అప్పుడూ అదే చేయాలి. రెండు జవాబులకీ ఒకే పని అయినప్పుడు ఆ వేల రూపాయలు ఎందుకు పొయ్యాలి? ఆ పనికి మాత్రం గట్టి రుజువు ఉంది. 2006లో వచ్చిన మన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, ప్రీడయాబెటిస్ ఉన్న 531 మందిలో నడక, తిండి మార్చుకున్నవాళ్ళకి షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. అమెరికాలో 2002 నాటి అధ్యయనంలో 58 శాతం తగ్గింది.

దసరా తర్వాత ఆదివారం సూర్యారావుపేటలో పరీక్షకి నేనూ తోడు వెళ్ళాను. గ్లూకోజు తాగి బాబాయి రెండు గంటలు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు, ఆయనకి అలవాటైన పనే. ఫాస్టింగ్ 97. హెచ్‌బీఏ1సీ 5.6. రెండూ మామూలే. రెండు గంటల అంకె 164.

కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పిన్నికి ఫోన్ చేసి, "అమ్మకి ఈ పరీక్ష ఎవరూ చేయించలేదే" అన్నాడు.

ఇప్పుడు కొట్టు తెరవకముందే ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివరిదాకా వెళ్ళి వస్తున్నాడు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, పోనూ రానూ దాదాపు రెండున్నర కిలోమీటర్లు. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం గిన్నె చిన్నదైంది, కూర గిన్నె పెద్దదైంది. మార్చిలో మళ్ళీ గ్లూకోజు తాగాలి. టేపు గల్లాపెట్టెలోనే ఉంటుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనే కొలిచాను, 93.